పదిహేడో మెట్టు

బడి కార్యాలయం,
జూన్ 3.

గౌరవనీయులైన పూర్వ విద్యార్థి గారికి,

రాబోవు నవంబరు నెలతో మన బడికి యాభై ఏళ్ళు నిండుచున్నవి. తమరు తొమ్మిదో తరగతిలో ఉండగా కట్టిన ప్రార్థన పాట వరస నేటికీ ప్రతి ఉదయం నాలుగు వందల మంది పిల్లలచే పాడబడుచున్నదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషించుచున్నాము. కావున సభనాడు తమరు విచ్చేసి, హాల్లోని ఆ పాత కాలి హార్మోనియం మీదనే ఆ పాట వాయించవలెనని కమిటీ వారు ఏకగ్రీవముగా తీర్మానించినారు. రాని యెడల కమిటీ సభ్యులందరూ తమరి ఇంటికే వచ్చి, ముందుగదిలో కూర్చుని, తమరు బయలుదేరువరకు పాడుచుందురు.

ఇట్లు,
కమిటీ.

తా.క. మా చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?


నీళ్ళ ఆఫీసు, లీకుల విభాగం,
జూన్ 12.

కమిటీ అనబడే మేకకి,

కమిటీ వాళ్ళకి మా ఆవిడ మోకాలితో పనేంట్రా? పైగా ఉత్తరం కింద మూల కుట్టుమిషన్ నూనెతో నీ బొటనవేలు అచ్చు గుద్దినట్టుంది. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసిన కమిటీని నా సర్వీసులో చూళ్ళేదు. మీ చెల్లెమ్మయితే కవరు చింపకముందే "అన్నయ్య రాశాడు" అంది, వాసన చూసి. మోకాలు తగ్గిందట. నీ అల్లరే తగ్గలేదు. యాభై ఒకటి దాటాయి మనకి, గుర్తుందా?

నేను రాను.

నా పని నీకు తెలుసు. తెల్లారగట్ల, బళ్ళు తిరగకముందే వీధిలోకి వెళ్తాను. ఇనుప కడ్డీ ఒక కొస గొట్టం మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, నేల కింద నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో వింటాను. చిన్న చిల్లయితే సన్నగా ఈల వేస్తుంది. పెద్దదయితే బుసకొడుతుంది. నేను చాక్‌పీసుతో గుండ్రంగా గీస్తే, అక్కడ తవ్వుతారు. నాకు మిగిలిన సంగీతం అదే. హార్మోనియం ముట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. ఈ మొద్దు వేళ్ళతో నాలుగు వందల మంది ముందు కూర్చుని పరువు తీసుకోలేను.

అవునూ, మన పెట్టె ఇంకా ఉందా? ఎప్పుడో పొయ్యిలోకి పోయి ఉంటుందనుకున్నాను.

గాలిపెట్టె


కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింద గది,
జూన్ 20.

ఒరే గాలిపెట్టే,

రాను అన్నవాడు పెట్టె ఉందా అని అడగడు. దొరికిపోయావు!

కమిటీ నిజంగానే ఉందిరా. నేనే అందులో లేను. పోయిన నెల ఆడపిల్లల కుట్టు క్లాసులో మిషన్లు మొరాయిస్తున్నాయని హెడ్డమ్మ కబురు పెడితే వెళ్ళాను. హాలు మూల విరిగిన కుర్చీల కింద కనిపించింది మన కాలి హార్మోనియం. తిత్తి చినిగి, తొక్కుడు చెక్క ఒకటి వేలాడి, లోపల ఎలుక కాపురం. దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తామంది హెడ్డమ్మ. "అమ్మా, కాలితో తొక్కేది ఏదైనా నాదే, బాగుచేస్తాను" అన్నాను. "అక్టోబరు ఆఖరుకి పలికితే సరి, లేకపోతే సామాన్లవాడే" అంది. కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది మహాతల్లి. నాకు చటుక్కున చేతులు కట్టుకోవాలనిపించింది.

అసలు విషయం విను. ఒక కొత్త సంగీతం టీచరమ్మ ఉంది, ఇరవై అయిదు ఉంటాయేమో. మన పాట మూడో చరణంలో వరస ఎక్కి ఎక్కి ఎక్కి, పైకి వెళ్ళాక, పై స్వరం తాకకుండా ఒక్క క్షణం ఖాళీ వదిలి కిందికి దిగుతుంది కదా. ఆ ఖాళీ గురించి ఆవిడ నాకు అరగంట చెప్పింది. "అది మౌనం కాదండీ, వినబడని స్వరం. పదిహేనేళ్ళ కుర్రాడికి అది తట్టిందంటే మామూలు విషయం కాదు!" అని కళ్ళు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, నవ్వాపుకోలేక. అంత గొప్పాయన్ని చూడాలంటుంది. ఇంతకీ నువ్వు రానన్నావని ఎవరికీ చెప్పలేదు. వస్తున్నావనే చెప్పాను.

మిషన్లు చూసి తిరిగొస్తుంటే గేటు దగ్గర మన సైకిళ్ళ స్టాండు కనిపించింది. ఎనిమిదో తరగతిలో చేసిన ఆ బెల్లుల గొడవ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఏడుగురు సార్ల సైకిళ్ళు, ఏడు బెల్లులు. ఏ సారు ఎవరి వెనక బయలుదేరతాడో వారం రోజులు రాసుకున్నావు. రీసెస్‌లో నేను బెల్లులు విప్పి, నువ్వు చెప్పిన క్రమంలో మార్చి బిగించాను. సాయంత్రం గేటు దాటేటప్పుడు ఒక్కొక్కరూ బెల్లు కొడుతుంటే నువ్వనుకున్న వరస పలికింది! అయిదు స్వరాలు తేనెలా వచ్చాయి. ఆరోది లెక్కల సారుది రావాలి, ముందు డ్రాయింగు సారు వెళ్ళిపోయాడు. నువ్వేమో నా చొక్కా పట్టుకుని "అపస్వరం రా, అపస్వరం" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. దొరికినందుకు కాదు, అపస్వరానికి. దెబ్బలు మాత్రం నాకే. నీ మొహం చూసి ఎవరికీ అనుమానం రాదు. నా మొహం చూస్తే పుట్టగానే మంత్రసానికి కూడా వచ్చిందట.

కాబట్టి వస్తున్నావు.

మేక


నీళ్ళ ఆఫీసు, వెనక వరండా,
జూలై 2.

మేకా,

బెల్లుల సంగతి నీకు సగమే తెలుసు. నీకు దెబ్బలు పడ్డ రోజు నేను హెడ్ మాస్టర్ గదికి వెళ్ళి "బెల్లుల వరస నాదండీ" అని ఒప్పుకున్నాను. ఆయన నా భుజం తట్టి, "స్నేహితుడి కోసం అబద్ధం చెబుతున్నావు, మంచి గుణం" అని పంపించేశాడు. మంచివాడనే పేరు ఒకసారి పడితే వదలదురా. నీ పేరూ అంతేననుకో.

నిన్న ఒక వీధిలో ఇంటావిడ తలుపు తీసి, కడ్డీ చెవికి పెట్టుకుని నేల మీద వంగి ఉన్న నన్ను చూసి, "ఏం వినబడుతోందయ్యా?" అంది. "మీ ఇంటి కింద సన్నాయి కచేరీ జరుగుతోందమ్మా" అన్నాను. తవ్వితే వేలెడు చిల్లు.

పెట్టె బాగుచేస్తున్నావుగా, తిత్తి కుట్టు, తొక్కుడు చెక్కలు బిగించు. పైన నొక్కే మెట్లున్నాయే, ఆ చెక్క మాత్రం విప్పకు. చాలా పాతది, చీలిపోతుంది. దాని కింద చూసేదేం లేదు. విప్పనని మాటివ్వు.

రావడం మాత్రం కుదరదు. ఆ టీచరమ్మతో నా ఆరోగ్యం బాగోలేదని చెప్పు.

గాలిపెట్టె


కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింద గది,
జూలై 14.

ఒరే గాలిపెట్టే,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మెట్ల చెక్క విప్పొద్దంటావు నువ్వు. నాకూ అది ఎవరూ విప్పకూడదు. అందుకే ఎగబడి ఈ పని నెత్తినేసుకున్నాను, ఇంకొకడి చేతికి వెళ్ళకుండా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వాలకం. సరే, తడుముకుంటూనే చెప్పేస్తాను. మా ఇంటావిడ "చెప్పకపోతే ఇవాళ అన్నం పెట్టను" అంది. దానికి పెళ్ళైన మొదటి ఏడే తెలుసు.

తొమ్మిదో తరగతిలో నాకు ఆఖరి హెచ్చరిక పడింది, గుర్తుందా? "పాటల గుంపులో నిలబడి బుద్ధిగా పాడతావా, టీసీ చేతిలో పెట్టి పంపించమంటావా?" అన్నాడు హెడ్ మాస్టరు. పాటల గుంపులో చేరాను. నువ్వు వరస కట్టావు. అన్నీ పాడేవాణ్ణి గానీ, మూడో చరణంలో ఆ పై స్వరం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నా మాట వినేది కాదు. మే మే అని వచ్చేది. అక్కడే కదా నాకీ పేరు పుట్టింది. "రేపు కూడా ఇలాగే అరిస్తే మేకని బయటికి తోలేస్తాను" అన్నాడు సంగీతం సారు. బయటికంటే గుంపులోంచి కాదు, బడిలోంచి.

నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. పెట్టెలో ఆ స్వరమే పలకకపోతే, నేను తప్పు పాడానని ఎవడికి తెలుస్తుంది? మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేనప్పుడు చెక్క లేపి, నమిలిన బబుల్ గమ్ ఆ స్వరం ఇత్తడి నాలుక మీద అంటించేశాను. ఎడమ నుంచి పదిహేడో మెట్టు. ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను.

మర్నాడు నువ్వు నొక్కావు, పలకలేదు. నీ వేలు అక్కడ ఒక్క క్షణం ఆగింది, గుంపంతా ఆగింది, మళ్ళీ దిగింది. అలాగే పాట స్థిరపడిపోయింది. టీచరమ్మ చెప్పే వినబడని స్వరం నా ఎంగిలి బబుల్ గమ్ రా!

ఇక్కడిదాకా నవ్వు. తర్వాతది నవ్వు కాదు. ఆ డిసెంబరులో పెద్ద పోటీకి వెళ్ళాం. గెలిచినవాడికి సంగీత కళాశాలలో సీటు. జడ్జీగా వచ్చిన ముసలాయన ఏమన్నాడు? "ఇంటికి గోడలు లేపి కప్పు మర్చిపోయినట్టుంది ఈ వరస" అన్నాడు. సీటు ఇంకెవరికో వెళ్ళింది. నువ్వు గొట్టాల దగ్గరికి వెళ్ళావు. నువ్వు కడ్డీ చెవికి పెట్టుకున్నావని తెలిసిన ప్రతిసారీ నాకు నోట్లో బబుల్ గమ్ రుచి వస్తుంది. నీ సీటు మింగింది నేను. ముప్పై ఆరేళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్నాను.

తిట్టు. గట్టిగా తిట్టు. కానీ సభకి రా.

మేక


(పోస్టు కార్డు)

నీళ్ళ ఆఫీసు,
జూలై 25.

మేకా, చదివాను. మెట్ల చెక్క విప్పకు.

గాలిపెట్టె


బడి హాలు, మూల బల్ల,
ఆగస్టు 9.

ఒరే దొంగ వెధవా,

నీ కార్డు చదివి రెండు వారాలు అన్నం సయించలేదు. కార్డంతా ఖాళీ, రెండు ముక్కలు. ఇంత కోపంగా ఉన్నాడు, ఇక నా మొహం చూడడు అనుకున్నాను. మా ఇంటావిడ చేత నీకు ఉత్తరం రాయించబోయాను కూడా. కనీసం నేను అంటించిన పాపం నేనే గీకి, ఆ మెట్టు పలికించి, అప్పుడు నీ కాళ్ళ మీద పడదామని ఇవాళ చెక్క విప్పాను. అవును, విప్పాను. నీకెప్పుడు మాటిచ్చాను?

పదిహేడో మెట్టు కింద బబుల్ గమ్ లేదు.

ఇత్తడి నాలుక అద్దంలా ఉంది. ఊదితే ఈల వేసింది. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత చెక్క తిరగేశాను. గడియారాలు బాగుచేసే తాత మనిద్దరికీ చెప్పింది గుర్తుందా, బడి ఎదురు కొట్లో? "తెరిచినవాడు లోపల తేదీ రాయాలి, ఏం చేశాడో రాయాలి. రేపు ఇంకొకడు తెరిస్తే వాడికి తెలియాలి." నేను ఇవాళ్టికీ ప్రతి మిషన్ లోపల రాస్తాను. నువ్వు కూడా ఆయన శిష్యుడివే కదా.

చెక్క వెనక పెన్సిల్‌తో, నీ గుండ్రటి అక్షరాలు:

"ఆగస్టు 11. పదిహేడో మెట్టు. మేకగాడి బబుల్ గమ్. గీకేశాను. పలుకుతోంది. ఎవరికీ చెప్పను."

నేను అంటించింది ఎనిమిదో తారీఖు. మూడు రోజుల్లో పట్టేశావు. పలుకుతున్న మెట్టుని పలకనట్టు నటిస్తూ రెండేళ్ళు వాయించావా?

ఇంకోటి ఇప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకి. ఆ పోటీలో పెట్టె మనది కాదు. వాళ్ళది, కొత్తది, అన్ని మెట్లూ పలికేవే. దాని మీద కూడా ఆ స్వరం వదిలేశావు. నా బబుల్ గమ్ బస్సెక్కి అక్కడికి రాలేదు కదా! ముప్పై ఆరేళ్ళుగా నేను చెయ్యని పాపాన్ని మోస్తుంటే, నువ్వు నిమ్మకు నీరెత్తినట్టు కడ్డీ చెవికి పెట్టుకుని కూర్చున్నావా?

ఎందుకు వదిలేశావు? నిజం చెప్పు. ఈసారి కార్డు మీద రాశావంటే ఆ కార్డు నీ చేతే నమిలిస్తాను.

మేక


నీళ్ళ ఆఫీసు, వెనక వరండా,
ఆగస్టు 20.

ఒరే మేకా,

విప్పొద్దన్నది విప్పే రకానివని మర్చిపోయి, విప్పొద్దని రాశాను. తప్పు నాదే.

ఎందుకు వదిలేశానంటే, నువ్వు పాడలేవు కాబట్టి.

గమ్ చూడగానే ఎవరి పనో అర్థమైంది. ఎందుకు పెట్టావో కూడా అర్థమైంది. గీకేశాక మెట్టు నొక్కి చూశాను. చక్కగా పలికింది. మర్నాడు దాన్ని వాయిస్తే గుంపు పాడుతుంది, గుంపు పాడితే నువ్వు నోరు తెరుస్తావు, నోరు తెరిస్తే సంగీతం సారు వింటాడు, నీ చేతిలో టీసీ పడుతుంది. పోటీలో అయినా అంతే. రెండో వరసలో నువ్వు నిలబడి ఉన్నావు, పక్కనే సారు. మెడ నరాలు బిగబట్టుకుని ఆ చోటు కోసం భయపడుతున్నావు. నేను పెట్టె మీద నుంచి చూస్తున్నాను. నా వేలు మెట్టు దాకా వచ్చింది. వదిలేశాను.

బాధ లేదని అబద్ధం చెప్పను. సీటు పోయినందుకు ఏడ్చాను. నీ మీద రెండేళ్ళు కోపంగా ఉన్నాను, నీకు తెలియకుండా. తిరుగు బస్సులో నువ్వు డ్రైవరు బూరని చిలకలా అరిపించి అందరినీ నవ్విస్తుంటే, నిన్ను కిటికీలోంచి తోసేద్దామనిపించింది. తర్వాత ఎప్పుడు పోయిందో తెలీదు. కోపం కూడా నీళ్ళలాంటిదేమో, ఎక్కడో చిన్న చిల్లు ఉంటే చాలు.

కానీ ఒకటి విను. ఆ ఖాళీ నేను పెట్టింది. నీది కాదు. నీ బబుల్ గమ్‌కి మూడు రోజుల ఆయుష్షు. మిగతా ముప్పై ఆరేళ్ళూ నావే. వాడి జీవితం పాడుచేశానని చెప్పుకుని తిరిగేంత గొప్పతనం నీకివ్వను.

జూలైలో మళ్ళీ రానన్నది అందుకే. "ఆ మౌనం మీకెలా తట్టింది సార్" అని ఆ టీచరమ్మ అడిగితే ఏం చెప్పను? మేక గొంతు వల్ల అనాలి. అదీ నీ ఎదురుగా. చెబితే నువ్వు కుంగిపోతావని భయపడ్డాను. ఇప్పుడు చూస్తే కుంగిపోవడం మానేసి నన్ను దొంగ వెధవా అంటున్నావు.

సరే, వస్తాను. ఒక షరతు. ఆ రోజు పదిహేడో మెట్టు నేను నొక్కుతాను. నువ్వు రెండో వరసలో పిల్లల మధ్య నిలబడి పై స్వరం పాడాలి. నాలుగు వందల మంది ముందు. నువ్వు పాడేదాకా నేను మెట్టు మీంచి వేలు తీయను.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

గాలిపెట్టె


కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింద గది,
అక్టోబరు 18.

గాలిపెట్టే,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తెలీక రెండు నెలలు ఊరుకున్నాను. నేను ఊరుకోవడం మా ఇంటావిడ ఇదే మొదటిసారి చూడటం. జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసింది.

మధ్యలో ఒకసారి బడికి వెళ్ళి, ఎవరూ లేనప్పుడు హాల్లో రెండో వరసలో నిలబడ్డాను. ఊరికే. అక్కణ్ణుంచి పెట్టె కనిపిస్తుంది. పెట్టె దగ్గరి నుంచి నేను కనిపిస్తానని అప్పట్లో తట్టలేదు.

పెట్టె పలుకుతోంది. కొత్త తిత్తి కుట్టాను, గొడుగు గుడ్డకి లోపల మెత్తటి తోలు వేసి. ఎలుకకి వేరే కాపురం చూపించాను. హెడ్డమ్మ తొక్కి చూసి, మొదటిసారి కళ్ళద్దాల లోపలి నుంచి చూసింది నన్ను.

ఆహ్వానం కార్డు జతపరిచాను. నీ పేరు కింద ఏముందో చూసి కంగారుపడకు. ఆయన ఇప్పుడేం చేస్తుంటారని టీచరమ్మ అడిగింది. నేల కింద శబ్దాలు వింటారని ఉన్నదే చెప్పాను. కార్డులో "ప్రముఖ భూగర్భ ధ్వని విద్వాంసులు" అని అచ్చయింది. అచ్చయ్యేముందు చదవమని నా చేతికే ఇచ్చారు. చదివాను. చాలా బాగుందన్నాను.

నీ షరతుకి ఒప్పుకుంటున్నాను. మారు మాట్లాడను. గంభీరంగా నిలబడతాను. చెల్లెమ్మని కూడా తీసుకురా, ముందు వరసలో కుర్చీ పట్టి ఉంచుతాను.

మేక


ఇల్లు, కిటికీ పక్క బల్ల,
నవంబరు 27.

ఒరే మేకా,

నువ్వు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానపడాల్సింది. మీ చెల్లెమ్మ అననే అంది, "అన్నయ్య సరే అన్నాడంటే ఏదో ఉందండీ" అని.

పెట్టె ముందు కూర్చున్నాను. తొక్కగానే తిత్తి నిండింది, మొదటి స్వరం పలికింది, వేళ్ళకి వాటంతటవే దారి తెలిసింది. రెండు చరణాలు ఎప్పుడు అయ్యాయో తెలీదు. మూడోది ఎక్కుతుంటే తలెత్తి చూశాను. రెండో వరసలో పిల్లల మధ్య బట్టతల మెరుస్తోంది. ముప్పై ఆరేళ్ళు ఆపుకున్న వేలు, నీ మొహం చూస్తూ, పదిహేడో మెట్టు మీద గట్టిగా వేశాను.

పలకలేదు. ఉత్త గాలి.

ఇంకా గట్టిగా నొక్కాను. అయినా గాలే. సరిగ్గా అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, హాలు పైకప్పు అదిరేలా లేచింది నీ గొంతు. మే...! ఒరే, యాభై ఒక్క ఏళ్ళు వచ్చినా ఆ గొంతు ఒక్క పిసరు బాగుపడలేదురా! ముందు ఒక పిల్ల కిసుక్కుమంది, తర్వాత నాలుగు వందల మంది. నేను నవ్వుతూ తొక్కడం మర్చిపోయాను, తిత్తి దిగిపోయి పాట గురక పెట్టి ఆగిపోయింది.

మళ్ళీ మొదటి నుంచి వాయించానే, అప్పుడు చూశావా? ఆ చోటుకి రాగానే పిల్లలందరూ పాడటం ఆపి, తలలు తిప్పి నీకోసం చూశారు. ఎవరూ చెప్పకుండానే. నువ్వు పాడావు. ఈసారి ఎవరూ నిన్ను బయటికి తోలలేదు. నాకు పెట్టె మీది మెట్లు కాసేపు మసకగా కనబడ్డాయి. దుమ్మేమో. సరిగ్గా తుడవలేదు నువ్వు.

టీచరమ్మ అడగనే అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏమంటుందోనని చూస్తే, "అయితే అది వినబడని స్వరమే కదండీ, ఆయనది" అంది. తెలివైన పిల్ల. శనివారాలు వచ్చి పిల్లలకి పెట్టె నేర్పమని అడిగింది. సరేనన్నాను.

మొన్న ఏం జరిగిందో చెప్పనా? తెల్లారగట్ల కడ్డీ చెవికి పెట్టుకుంటే నేల కింద సన్నటి ఈల. సరిగ్గా పదిహేడో మెట్టు. ఎవరూ లేరనుకుని నడివీధిలో మేకలా అరిచాను. పాలవాడు సైకిలు దిగి, "ఏమైంది సార్?" అన్నాడు. లీకు దొరికిందన్నాను.

ఇంతకీ ఈసారి లోపల ఏం పెట్టావు? మళ్ళీ బబుల్ గమ్ అయితే శనివారం వచ్చి నీ చేతే గీకిస్తాను.

గాలిపెట్టె


బడి హాలు, మూల బల్ల,
డిసెంబరు 5.

ఒరే భూగర్భ విద్వాంసుడా,

బబుల్ గమ్ నమలడానికి పళ్ళేవిరా? ఆహ్వానం కార్డు చింపి, చిన్న ముక్క మడిచి ఆ మెట్టు ఇత్తడి నాలుక కింద దోపాను. ఏ ముక్కనుకున్నావు? "ప్రముఖ" అన్నది. నీకది ఎక్కువనిపించింది.

ఇవాళ పొద్దున హెడ్డమ్మ స్వయంగా షాపుకి వచ్చింది. కూర్చోలేదు. "ఏమయ్యా, మా బడికి నువ్వు చేసిన నిర్వాకం విన్నావా?" అంది. సభ అయిన మర్నాటి నుంచి ప్రతి ఉదయం ప్రార్థనలో మూడో చరణం ఆ చోటుకి రాగానే నాలుగు వందల మంది పిల్లలూ మే అంటున్నారట. తిట్టినా అంటున్నారట. నిన్న ఇన్‌స్పెక్టరు వస్తే ఆయన ముందూ అన్నారట. ఆయన నవ్వాపుకోలేక చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడట. "నువ్వే కనక ఇప్పుడు నా బడిలో చదువుతుంటే, ఈ నిమిషంలో టీసీ చేతిలో పెట్టేదాన్ని" అంది. ఒరే, అంతకాలం తప్పించుకున్న టీసీ చివరికి నన్ను వెతుక్కుంటూ షాపుకొచ్చింది చూశావా! లేచి నిలబడి చేతులు కట్టుకుని, "తప్పయిందండీ" అన్నాను. ఆవిడ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఆ మెట్టు బాగుచేసి పలికేలా చెయ్యి, అప్పుడైనా పిల్లలు మానతారేమో" అంది. మూతి బిగబట్టే అంది గానీ, కళ్ళద్దాల వెనక నవ్వుతోంది, నేను చూశాను.

వచ్చి చెక్క విప్పి కాగితం ముక్క తీసేశాను. పదిహేడో మెట్టు అమ్మతోడు చక్కగా పలుకుతోంది. పిల్లలు మానతారా? వాళ్ళ మొహం. నేను పని చేస్తున్నంతసేపూ కిటికీ అవతల నుంచి మే మే అంటూనే ఉన్నారు. సభనాడు నువ్వు టీచరమ్మతో మాట్లాడుతుంటే నా చుట్టూ మూగి, ఎందుకలా అరిచారని అడిగారులే. టీసీ నుంచి పెన్సిల్ రాత దాకా మొత్తం చెప్పేశాను.

తెరిచినవాడు రాయాలి కదా. చెక్క వెనక, నువ్వు "ఎవరికీ చెప్పను" అన్న దాని కిందే రాశాను. అక్షరాలు నీ అంత గుండ్రంగా రాలేదు, శనివారం వచ్చినప్పుడు చూడు:

"డిసెంబరు 5. పదిహేడో మెట్టు. కాగితం తీసేశాను. పలుకుతోంది. నేను అందరికీ చెప్పేశాను."

మేక